విభాగం ఉమ్మడి క్యాలెండర్‌లో సెమినార్ హాల్ కేటాయింపు, సవరణ హక్కులు ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న (రసాయనశాస్త్ర అధ్యాపకురాలు):
మా విభాగంలో 14 మంది అధ్యాపకులం రెండేళ్లుగా గూగుల్‌లో ఒకే ఉమ్మడి క్యాలెండర్ వాడుతున్నాం. తరగతులు, ల్యాబ్ వేళలు, పీహెచ్‌డీ వైవాలు (మౌఖిక పరీక్షలు), సెమినార్ హాల్ బుకింగులు అన్నీ అందులోనే ఉంటాయి. ఎవరూ చిన్నబుచ్చుకోకూడదని అందరికీ సవరణ హక్కు ఇచ్చాం. గత నెలలో ఒక వైవా కోసం బయటి పరీక్షకులు వేరే ఊరి నుంచి వచ్చేసరికి అదే హాల్లో ఎమ్మెస్సీ ఇంటర్నల్ పరీక్ష జరుగుతోంది. క్యాలెండర్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మాలో ఒక్కరమూ గమనించలేదు. ఏళ్ల తరబడి ఆ రోజు కోసం ఎదురుచూసిన అమ్మాయి వరండాలో నిలబడి ఉండటం చూస్తే నాకు ఎంతో బాధ కలిగింది. తర్వాతి వారమే, ఒక్క రోజు తరగతి రద్దు చేయబోయిన సహోద్యోగి చేతిలో సెమిస్టర్ తరగతులన్నీ చెరిగిపోయాయి. మళ్లీ రిజిస్టరు పుస్తకానికే వెళ్దామని కొందరంటున్నారు. అలా వెనక్కి వెళ్లకుండా దీన్ని చక్కదిద్దే మార్గం చెప్పగలరా?

జవాబు 1 (మరో విశ్వవిద్యాలయంలో ఐటీ అడ్మిన్):
మేడమ్, మీరు హాలును క్యాలెండర్‌లో ఒక పేరుగా మాత్రమే రాస్తున్నారు, అందుకే అది ఎవరికీ కాదని చెప్పలేకపోతోంది. మీ ఐటీ విభాగాన్ని అడిగి సెమినార్ హాలును ‘రిసోర్స్’గా, అంటే క్యాలెండర్‌లో బుక్ చేసుకోగల గదిగా, చేర్పించండి, అది అడ్మిన్ మాత్రమే చేయగల పని. ఆ తర్వాత వైవా నమోదు చేసేటప్పుడు మనుషులను ఆహ్వానించినట్టే హాలునూ ఆహ్వానిస్తే, ఖాళీగా ఉంటే అంగీకరిస్తుంది, అప్పటికే ఎవరైనా తీసుకుని ఉంటే తిరస్కరిస్తుంది. ఇక హక్కుల విషయానికి వస్తే, సవరణ హక్కు ఇద్దరికి చాలు, మిగిలినవారికి వివరాలు చూసే హక్కు సరిపోతుంది. ప్రతి వారం వచ్చే తరగతిని తీసేసేటప్పుడు ‘ఇది ఒక్కటే’, ‘దీని నుంచి అన్నీ’, ‘మొత్తం’ అని మూడు ఎంపికలు వస్తాయి. మీ సహోద్యోగి తొందరలో మూడోది నొక్కి ఉంటారు. చెరిపినవి దాదాపు 30 రోజులు ఆ క్యాలెండర్ ట్రాష్‌లో ఉంటాయి కనుక ఆలస్యం చేయకుండా ఇప్పుడే వెళ్లి చూడండి.

జవాబు 2 (విశ్రాంత సూపరింటెండెంట్):
క్యాలెండర్ ఎవరి ఖాతాలో తయారైందో ముందు చూసుకోండమ్మా. మా దగ్గర ఒక తాత్కాలిక అధ్యాపకుడు ఎంతో శ్రద్ధగా తన సొంత ఖాతాలో తయారుచేశారు. ఆయన ఉద్యోగం మారి, ఖాతా మూసేశాక విభాగం చేతిలో ఏమీ మిగలలేదు. విభాగాధిపతి మారుతూ ఉంటారు, కార్యాలయం ఉంటుంది. కాబట్టి యాజమాన్యం కార్యాలయ ఖాతాకే ఉండాలి. రిజిస్టరు అడిగేవారిని తప్పుపట్టకండి. అందులో సంతకం ఉంటుంది, బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. సవరణ ఇద్దరి చేతుల్లోనే ఉంటే ఇక్కడా ఆ బాధ్యత నిలుస్తుంది.

జవాబు 3 (అమెరికాలో పరిశోధకుడు):
పైవారు చెప్పినదానికి ఒక చిన్న విషయం చేరుస్తాను. అకడమిక్ క్యాలెండర్‌ను ఐసీఎస్ ఫైలుగా (క్యాలెండర్ వివరాలుండే ఫైలు) దింపుకొని మీ క్యాలెండర్‌లో కలుపుకుంటే అది ఆ రోజుటి నకలు మాత్రమే. తర్వాత పరీక్ష తేదీలు మారినా మీకు తెలియదు. లింకు ద్వారా చేర్చుకుంటే మార్పులు వస్తాయి, అయితే కొన్ని గంటలు ఆలస్యం కావచ్చు. విదేశీ పరీక్షకులతో ఆన్‌లైన్ వైవా ఉంటే టైమ్ జోన్ కూడా చూడండి. ఇండియాలో రాత్రి 8 గంటలంటే శీతాకాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9:30. మార్చి రెండో ఆదివారం నుంచి అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కనుక అదే సమయం 10:30 అవుతుంది. మెయిల్‌లో గంట రాసి పంపడం కంటే క్యాలెండర్ ఆహ్వానమే పంపితే ఎవరి గడియారం ప్రకారం వారికి సరిగ్గా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. చెరిగిపోయిన తరగతులు ట్రాష్‌లో దొరికాయి, అన్నీ తిరిగి తెచ్చుకున్నాం. యాజమాన్యం కార్యాలయ ఖాతాకు మార్చాం. సవరణ హక్కు ఇక నాకూ, మా జూనియర్ అసిస్టెంటుకూ మాత్రమే. హక్కు పోయిందని ఇద్దరు నొచ్చుకున్నారు, వారితో విడిగా కూర్చుని మాట్లాడాను. హాలును రిసోర్స్‌గా చేర్చాక, కావాలనే అదే సమయానికి రెండో బుకింగ్ పెట్టి చూశాను. హాలు తిరస్కరించింది.