‘హై మాస్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: లండన్ మార్గరెట్ వీధిలో 1859లో ప్రతిష్ఠించిన ఆల్ సెయింట్స్ అనే ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సంఘానికి చెందిన, చర్చి ఉంది. అక్కడి ఆదివారం ఆరాధనను ‘హై మాస్’ అంటారు. దాని మీద ఒక వ్యాసం అనువదిస్తూ ‘ఉన్నత ఆరాధన’ అని రాశాను. చదువుకుంటే చప్పగా ఉంది. పూజ అందామంటే అది కతోలికుల మాట, చర్చేమో ఆంగ్లికన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ‘ఉన్నత’ కొట్టేయండి. ఇక్కడ ‘హై’కి ఎత్తుతో పని లేదు. తంతు ఏదీ తగ్గించకుండా, పాడుతూ, ధూపం వేస్తూ చేసేదని దాని అర్థం. అలాగని గుణదల ఉత్సవాల వార్తల్లో కనిపించే ‘సమష్టి దివ్యబలిపూజ’ను తెచ్చి అతికించకండి. అది పలువురు గురువులు (ఫాదర్లు) కలిసి చేసేది, దీనికి సరిపోదు. ‘పెద్దపూజ’ అంటే చాలు.

పూజ అనే ఎందుకంటే, లాటిన్ విధి చివర ‘ఇతే, మిస్సా ఎస్త్’ అని జనాన్ని పంపేస్తారు. ఆ ‘మిస్సా’యే మాస్ అయింది. పుట్టుకలో అందులో బలీ లేదు, పూజా లేదు, ఇక వెళ్లిరండి అనడమే ఉంది. కానీ ఇంగ్లండులో ఆ మాట మోసిన బరువు వేరు. ఇంగ్లండు సంఘపు 1549 నాటి ప్రార్థనా గ్రంథం, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజన విధికి పేరు పెడుతూ ‘జనం మాస్ అని పిలిచేది’ అని కూడా చేర్చింది. మూడేళ్లకే, 1552లో, ఆ ముక్క ఎగిరిపోయింది. తరువాత ఆ సంఘం తన విశ్వాసాలను చెబుతూ తెచ్చిన 39 సూత్రాలలో 31వది మాస్ బలులను కట్టుకథలని, ప్రమాదకరమైన మోసాలని తిట్టిపోసింది. ఆ సంఘంలో పాత కతోలిక సంప్రదాయాన్ని మళ్లీ నిలపాలని 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ఉద్యమానికి వారసులైనవారు కొవ్వొత్తులు, ధూపం, పూజావస్త్రాలు తిరిగి తెస్తే, వాటిని అణచడానికి 1874లో పార్లమెంటు చట్టమే చేసింది. ఆ గొడవలోనే ఆర్థర్ టూత్ అనే గురువు కోర్టు మాట వినక 1877లో జైలుకు వెళ్లాడు. ఇంత జరిగాక కూడా ఒక ఆంగ్లికన్ చర్చి ‘మాస్’ అని రాసుకుందంటే అది పట్టుబట్టి రాసుకున్న మాట. ‘ఆరాధన’ అంటే ఆ పట్టుదల కనిపించదు.

ప్రశ్న: మాది సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబం, ప్రొటెస్టెంట్లం. ప్రభు భోజనాన్ని మా నానమ్మ ‘సంస్కారం తీసుకున్నావా’ అంటుంది, ‘ప్రభువు బల్ల’ అంటుంది. ప్రాణం పోయినా పూజ అనదు. ఈ అనువాదం చదివితే ముఖం చిట్లిస్తుంది.

జవాబు: అయితే అనువాదం కుదిరినట్లే. 1552లో ఇంగ్లండులో చిట్లిన ముఖం కూడా అదే కదా! వ్యాసంలో ఒక్కచోట మాత్రం, మొదటిసారి వచ్చినప్పుడు, ‘ఆ చర్చివారు మాస్ అని పిలుచుకునే పెద్దపూజ’ అని రాయండి. తప్పు నానమ్మ మీదికీ రాదు, మీ మీదికీ రాదు.

ప్రశ్న: సాంబ్రాణి వేసే పాత్రను ‘ధూపకలశం’ అన్నాను. బాగుందా?

జవాబు: కలశం అనగానే కొబ్బరికాయ, మామిడాకులు కళ్ల ముందుకొస్తాయి. మీకు కావలసిన మాట నానమ్మ బైబిల్లోనే ఉంది: ధూపార్తి. లేవీయకాండం 10వ అధ్యాయంలో నాదాబు, అబీహు పట్టుకున్నవి ధూపార్తులే. ప్రకటన గ్రంథం 8వ అధ్యాయంలో దూత చేతిలో ఉన్నదీ బంగారు ధూపార్తే. గుడిలో పిడి ఉన్న ధూపార్తిని చూసిన పాఠకుడికి మాత్రం ఇది గొలుసులకు వేలాడుతుందని, మూత పైకి లాగి నిప్పుల మీద సాంబ్రాణి పలుకులు వేస్తారని ఒక వాక్యంలో చెప్పాలి. క్రియ దగ్గర జాగ్రత్త. హారతి తిప్పుతాం, దీన్ని ఊపుతారు. కొందరు ఉత్సాహవంతులు గొలుసు చివర పట్టుకుని గుండ్రంగా గిరగిరా తిప్పేస్తారు కూడా. ‘తిప్పడం’ ఆ ఒక్క వాక్యానికి దాచుకోండి.