సంవరణియా, సంవరిణియా?

తేటగీతి: దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడే ఆడవాళ్ల కోసం కరపత్రం రాస్తున్నాను. మూత్రాశయం ప్రసేకంలోకి, అంటే మూత్రం బయటికి వెళ్లే గొట్టంలోకి, తెరుచుకునే చోట ‘సంవ...’ కండరం ఉంటుందని బళ్లో చదివిన వాక్యం సగమే గుర్తుంది. ‘వ’ తర్వాత ‘రణి’యా, ‘రిణి’యా?

తాటాకు: సంవరణియే. సంవరణం అంటే మూయడం, దాని మీద స్త్రీప్రత్యయం. లేఖనిని లేఖిని చేసిన అలవాటే ఇక్కడా ‘రి’ని తెచ్చింది.

అరసున్న: అంత తేలిగ్గా కొట్టేయకండి. వాచకాల్లో ‘రి’తోనే చదువుకున్నవాళ్లం చాలామందిమి. మూసేది అనే కర్త్రర్థం ఉంది కదా! హారిణి, ధారిణి లేవూ?

తాటాకు: అవి హారిన్, ధారిన్ నుంచి వచ్చాయి, వృద్ధి ఉంది, అంటే ‘అ’ ‘ఆ’ అయింది. నొప్పి నివారిణిలోనూ ‘వా’యే. మీ లెక్కన ‘సంవారిణి’ కావాలి. ఆ దీర్ఘం ఏదండీ?

నాడీమండలం: డాక్టర్‌గా ఒక మాట. అక్కడున్నది ఒక కండరం కాదు, రెండు. మూత్రాశయం మెడ దగ్గరున్న లోపలిది నునుపు కండరం, మన మాట వినదు. మగవాళ్లలో స్ఖలన సమయంలో వీర్యాన్ని వెనక్కి పోనివ్వనిది అదే. ఆడవాళ్లలో అంత స్పష్టంగా ఉండదు. బయటిది చారల కండరం, త్రికం (వెన్నెముక కింది భాగపు ఎముక) దగ్గరి 2, 3, 4 నాడుల నుంచి వచ్చే పుడెండల్ నాడి అధీనంలో ఉంటుంది. ఆపుకోగలగడం దాని చలవే. స్త్రీలలో ప్రసేకం పొడవు సుమారు 4 సెం.మీ. మాత్రమే. కాన్పుల్లో కటి కండరాలూ ఆ నాడీ దెబ్బతింటే, దగ్గినప్పుడు కడుపులో పెరిగే ఒత్తిడిని ఆ కాస్త బిగువు ఆపలేదు. ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టర్ 1948లో చెప్పిన కటి కండరాల వ్యాయామాలు ఈ బిగువు కోసమే. వెళ్లాలనిపించగానే ఆగకపోవడం మాత్రం వేరు, అది మూత్రాశయం గోడ తొందర.

అరసున్న: చాలా మంచి వివరణ. వర్ణోచ్చారణలో బాహ్యప్రయత్నాలు, అంటే అక్షరం పలికేటప్పుడు గొంతు చేసే పనులు, గుర్తొచ్చాయి. గొంతు మూసుకుంటే సంవారం, తెరుచుకుంటే వివారం. గొంతుకీ ప్రసేకానికీ ఒకటే ధాతువు, మూయడం అనే ‘వృ’!

మత్తకోకిల: నన్నయ ఆదిపర్వంలో తపతిని పెళ్లాడిన సంవరణుడూ ఈ ధాతువు వాడేనేమో. గంధర్వుడు అంగారపర్ణుడు అర్జునుణ్ణి ‘తాపత్య’ (తపతి వంశంవాడా) అని పిలవడం, ఎందుకలా అన్నావని ఇతను అడగడం, కథ అక్కణ్ణుంచి ఎత్తుకోవడం! ఒక్క పిలుపుతో ఉపాఖ్యానంలోకి దించేస్తాడు నన్నయ.

తాటాకు: వరించడంలోనూ ‘వృ’ ఉందండీ. ఆ రాజు పేరు ఏ ‘వృ’ నుంచో తేల్చకుండా ఇటు లాగకూడదు.

తేటగీతి: కరపత్రంలో ప్రస్తుతానికి ‘బిగువు కండరం’ అని రాశాను. లోపలిదానికీ బయటిదానికీ అదే మాట సరిపోతుందా?

అరసున్న: ‘కండర’ అంటే ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడికి స్నాయుబంధం, కండరాన్ని ఎముకకు కట్టే తాడు. ముందు ఆ మాట సంగతి చూడాలి.