వేక్ ద్వీపం 1941: సాయం పంపి సగం దారిలో వెనక్కి పిలవడం సబబేనా?

పాత అట్లాసు:
1941 డిసెంబర్ 23న పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న వేక్ ద్వీపం జపాన్‌కు చిక్కింది. ద్వీపం ఇంకా లొంగకముందే, సాయంగా వెళ్తున్న సారటోగా విమానవాహక నౌకను, విలియం పై (Pye) అనే అమెరికా అడ్మిరల్ పెర్ల్ హార్బర్ నుంచి వెనక్కి పిలిచేశాడు. అప్పటికి అది వేక్‌కు దాదాపు 425 మైళ్ల దూరంలో ఉంది.

ద్వీపంలో ఉన్నవాళ్లు మామూలుగా పోరాడారా? మెరైన్లు 450 మంది కూడా లేరు. రాడార్ లేదు. మొదటి రోజు బాంబుదాడిలోనే 12 వైల్డ్‌క్యాట్ ఫైటర్ విమానాల్లో 7 నేలమీదే పోయాయి. అయినా 11న జపాన్ నౌకలు దగ్గరికి వచ్చేదాకా ఫిరంగులు పేల్చకుండా ఓపిక పట్టి, హయాటె డిస్ట్రాయర్‌ను ముంచేశారు. కెప్టెన్ ఎల్‌రాడ్ వేసిన బాంబుతో కిసరాగి కూడా మునిగింది. జపాన్ అడ్మిరల్ కజియోకా దళం తోక ముడిచి వెళ్లిపోయింది. అలాంటివాళ్లను నడిసముద్రంలో వదిలేయడం నాకు మింగుడు పడదు.

లైట్‌హౌస్:
అట్లాసు గారూ, మీ కోపం అర్థమవుతోంది. కానీ అడ్మిరల్ పై గారి కుర్చీలో కూర్చుని చూడండి. జపాన్ దాడి తర్వాత అమెరికా యుద్ధనౌకలు పెర్ల్ హార్బర్ బురదలో ఉన్నాయి. పసిఫిక్‌లో మిగిలినవి మూడే విమానవాహక నౌకలు. 21న వేక్ మీద జపాన్ విమానవాహక నౌకలు సోర్యు, హిర్యుల విమానాలు కనిపించాయి. అంటే ఒక్క సారటోగా రెండు నౌకలకు ఎదురెళ్లాలి. పైగా ఆయన పసిఫిక్ నౌకాదళానికి కొత్త అధిపతి నిమిట్జ్ వచ్చేదాకా తాత్కాలికంగా ఉన్న మనిషి. రాబోయేవాడి చేతిలో పెట్టాల్సిన నౌకను పందెం కాయడం ఎలా?

రాత్రి డ్యూటీ:
ఇద్దరూ వెనక్కి పిలిచిన ఆర్డర్ దగ్గరే ఆగిపోయారు. అసలు ఆలస్యం నెచెస్‌తో మొదలైంది. అది పాత ఆయిల్ నౌక, దాని నడకకే మొత్తం దళం కట్టుబడింది. 22న ఆ దళాన్ని నడిపిస్తున్న ఫ్లెచర్ రోజంతా అలల్లో డిస్ట్రాయర్లకు ఆయిల్ ఎక్కిస్తూ గడిపాడు. దాని మీద ఆయన్ని తిట్టేవాళ్లు బోలెడు. నేను తిట్టను. ఆయిల్ లేని డిస్ట్రాయర్ యుద్ధంలో దేనికి పనికొస్తుంది?

(తేదీల గురించి ఒక మాట: వేక్ అంతర్జాతీయ డేట్‌లైన్ (తేదీ మారే రేఖ)కు అవతల ఉంది. అక్కడ 23 అంటే హవాయిలో 22. పోయినసారి ఇదే చోట కొట్టుకున్నాం.)

పాత అట్లాసు:
సరే, సారటోగాను కాపాడారు. దేనికి? 1942 జనవరి 11న దానికి హవాయికి నైరుతి దిక్కునే జలాంతర్గామి టార్పీడో తగిలింది. జూన్‌లో మిడ్‌వే యుద్ధానికి అందుబాటులోనే లేదు!

లైట్‌హౌస్:
జనవరిలో తగిలే టార్పీడో డిసెంబర్‌లో ఎవరికి కనిపిస్తుందండీ? పైగా మునగలేదు కదా, బాగుచేసుకుని ఆగస్టుకల్లా సోలమన్ దీవుల దగ్గర యుద్ధంలో ఉంది. ఇక దాని మీద వేక్ కోసం తెచ్చినవి బఫెలో ఫైటర్ విమానాలు. వాటిని తర్వాత మిడ్‌వేకి పంపారు. జూన్‌లో జపాన్ జీరో ఫైటర్ల ముందు అవి ఎలా కూలిపోయాయో మీకు తెలుసు.

చింతచెట్టు:
అందరూ నౌకలే లెక్కపెడుతున్నారు. ద్వీపంలో 1,100 మందికి పైగా సివిలియన్ పనివాళ్లున్నారు. జపాన్ వాళ్లు చాలామందిని తరలించినా కొందరిని పని కోసం అక్కడే ఉంచేశారు. వాళ్లలో మిగిలిన 98 మందిని 1943 అక్టోబర్‌లో ద్వీపంలోని జపాన్ కమాండర్ సకైబారా హుకుంతో చంపేశారు. 1947లో అతన్ని ఉరి తీశారు.

నాకు ఇంకో అనుమానం. లొంగిపోవడమే తొందరపాటు కాదా? ఆ తెల్లవారుజామున వేక్‌లోనే భాగమైన చిన్న విల్క్స్ దీవిలో దిగిన దాదాపు వంద మంది జపాన్ సైనికులను కెప్టెన్ ప్లాట్ మనుషులు తుడిచిపెట్టేశారు. ఫోన్ తీగలు తెగిపోవడంతో ఆ సంగతి మెరైన్ల కమాండర్ డెవరూకు తెలియనే లేదు. విల్క్స్ పోయిందనుకునే తెల్లజెండా పట్టుకెళ్లాడు.

రాత్రి డ్యూటీ:
తొందరపాటు అనను. విల్క్స్ నిలబడింది, నిజమే. పెద్ద దీవి మీద మాత్రం శత్రువు గట్టిగా దిగిపోయాడు, ఆకాశం మొత్తం వాళ్లదే. చివరి రెండు వైల్డ్‌క్యాట్లు 22నే పోయాయి. సాయం రావట్లేదని ద్వీపం మొత్తానికి కమాండర్ అయిన కనింగ్‌హమ్‌కు అర్థమైంది. ఇంకా పోరాడమంటే ఆ పనివాళ్ల ప్రాణాలే పణం పెట్టాలి.

పాత అట్లాసు:
అయితే నా అభ్యంతరం తేదీ మార్చుకుంటున్నాను. 23న పిలవడం కాదు, 11 నుంచి 21 దాకా చేతిలో ఉన్న పది రోజులు పోగొట్టుకోవడం. ఇంకో విమానవాహక నౌక లెక్సింగ్టన్ 13న పెర్ల్ హార్బర్‌లోనే ఉంది. మర్నాడు దాన్ని జపాన్ చేతిలోని మార్షల్ దీవుల మీదకి పంపారు. వేక్‌కు సాయం మోసుకెళ్లే టాంజియర్ నౌకతో కలిపి నేరుగా వేక్‌కే పంపాల్సింది.

లైట్‌హౌస్:
వేక్‌లో దిగాల్సిన ఫైటర్లు ఉన్నది సారటోగా మీద. శాన్ డియాగో నుంచి అది 15న గానీ చేరలేదు. లెక్సింగ్టన్ ఏం ఇస్తుంది?

పాత అట్లాసు:
విమానాలు తర్వాత చూసుకునేవాళ్లు. రాడార్, మందుగుండు, మనుషులు టాంజియర్‌లోనే ఉన్నాయి కదండీ.