కూలెంట్ డబ్బాలో ఇంజన్ ఆయిల్, హెడ్ దించాల్సిందేనా?

ప్రశ్న (కాకినాడ నుంచి):
మాది 2009 మోడల్ డీజిల్ కారు, మాన్యువల్ గేర్లు, లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఆదివారం అన్నవరం వెళ్లొచ్చి బానెట్ ఎత్తితే కూలెంట్ డబ్బాలో పచ్చ నీళ్లకి బదులు కాఫీ రంగులో మీగడ కట్టి ఉంది. వేలు పెడితే జిడ్డు, సబ్బుతో రుద్దినా ఓ పట్టాన వదల్లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలు నలుపే గానీ లెవెల్ కింది గీత దాకా దిగిపోయింది. తెల్ల పొగ లేదు, టెంపరేచర్ ముల్లు ఎప్పటిలా మధ్యలోనే. మెకానిక్ మాత్రం ఏమీ విప్పకుండానే "హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం హెడ్‌కీ, కింద సిలిండర్లుండే బ్లాకుకీ మధ్య సీలు) పోయిందండి, హెడ్ దించి ఫేసింగ్ (అడుగు చదును) చేయించాలి, 45 వేలు" అన్నాడు. బండి అమ్మితే వచ్చేదే లక్షన్నర. ఒకటే టెన్షన్, ఏం చేయమంటారు?

జవాబు (విజయవాడ):
హెడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఆయిల్ ఫిల్టర్ వెనక చూడండి, బ్లాకుకి అతుక్కుని కూలెంట్ పైపులు తగిలించిన చిన్న అల్యూమినియం పెట్టె ఉంటే అదే ఆయిల్ కూలర్. అందులో ఆయిల్ ఒక గదిలో, కూలెంట్ పక్క గదిలో తిరుగుతాయి, మధ్యలో ఉండేది పల్చటి రేకు. బండి నడుస్తుంటే ఆయిల్ ప్రెషర్ మూడు నాలుగు బార్లు ఉంటుంది, కూలెంట్‌ది ఒకటి, ఒకటిన్నర. రేకు చిల్లు పడినా సీళ్లు ఎండిపోయినా ఎక్కువ ప్రెషర్ ఉన్న ఆయిలే నీళ్లలోకి తోసుకొస్తుంది, మీ డిప్‌స్టిక్ మీద మీగడ లేకపోవడానికి కారణం అదే. ఇంజన్ ఆపాక ఆయిల్ ప్రెషర్ సున్నా అయిపోతుంది కానీ వేడి కూలెంట్ ప్రెషర్ కాసేపు అలాగే ఉంటుంది, అప్పుడు నీళ్లు ఆయిల్లోకి కూడా పోవచ్చు. అదే జరిగితే బేరింగులు పోతాయి, కాబట్టి బండి ఇంక తిప్పొద్దు.

కూలర్ విప్పించి, ఆయిల్ వైపు ఒక కన్నం మూసి రెండో దాంట్లో నాలుగు బార్ల గాలి పెట్టి వేడినీళ్ల బకెట్లో ముంచమనండి. చల్లగా ఉన్నప్పుడు దొరకని సన్న పగులు వేడిలో బయటపడుతుంది. కూలెంట్ కన్నంలోంచి బుడగలొస్తే దొంగ దొరికినట్టే.

జవాబు (వరంగల్):
అన్న చెప్పింది కరెక్టే. కాకపోతే ఒక మాట. తెల్ల పొగ లేదు, డబ్బాలో బుడగల్లేవు అంటే గ్యాస్కెట్ బాగున్నట్టేనని అనుకోవద్దు. హెడ్‌కి ఆయిల్ ఎక్కే దారికీ నీళ్ల దారికీ మధ్య గ్యాస్కెట్ తెగితే సిలిండర్ గ్యాస్ బయటికి రాదు, చూడ్డానికి అచ్చం మీ బండిలాగే ఉంటుంది. కూలర్ టెస్ట్‌లో పాసై, దాని సీళ్లు కూడా బాగుంటే అప్పుడు హెడ్ దించండి, పగుళ్లున్నాయేమో లేత్ షాపులో ప్రెషర్ పెట్టి చూపించాకే ఫేసింగ్. ఆటోమేటిక్ గేర్ల బండైతే రేడియేటర్‌లో ఉండే గేర్ ఆయిల్ కూలర్‌ని కూడా అనుమానించాలి, మీకు ఆ గొడవ లేదు.

జవాబు (రాజమండ్రి):
రిపేర్ కన్నా కడగడమే పెద్ద పని. నేను బట్టల సబ్బుపొడి పోసి చచ్చాను, నురగ పొంగి డబ్బా మూతలోంచి బయటికొచ్చింది. డిష్‌వాషర్ మెషీన్లో వేసే పౌడర్ వాడండి, నురగ తక్కువ. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోకుండా ఆపే వాల్వు) తీసేసి, హీటర్ ఫుల్లుగా పెట్టి ఇరవై నిమిషాలు ఇంజన్ నడిపి, చల్లారాక వంపేయాలి. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది. నాకు ఐదుసార్లు పట్టింది. ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడ్డ రబ్బరు పైపులు, డబ్బా మూత మార్చేయండి. వంపిన నీళ్లు కాలవలో పోయకండి, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగితే చచ్చిపోతాయి.

ప్రశ్న అడిగిన వ్యక్తి, తొమ్మిది రోజుల తర్వాత:
కూలరే! గాలి పెట్టగానే బకెట్లో బుడగలు, మెకానిక్ నా వైపు చూడలేదు. కొత్త కూలర్, సీళ్లు, నాలుగు పైపులు, ఆయిల్, ఫిల్టర్, కూలెంట్, లేబర్ అన్నీ కలిపి 11,400 అయింది. కడగడం నేనే చేసుకున్నా, ఈ ఎండలో హీటర్ పెట్టుకుని చెమటలు కారుస్తూ కూర్చుంటే మా ఆవిడ వీడియో తీసింది. నాలుగోసారి తేట నీళ్లొచ్చాయి గానీ మర్నాడు పొద్దున డబ్బా అంచున మళ్లీ సన్నగా జిడ్డు గీత కనబడింది. మళ్లీ లీకా?

జవాబు (రాజమండ్రి):
హీటర్ కాయిల్లో మిగిలిన పాత ఆయిల్ అయ్యుంటుంది. తుడిచేసి, డిప్‌స్టిక్ లెవెల్ రాసి పెట్టుకుని 200 కిలోమీటర్లు తిప్పండి. లెవెల్ తగ్గకపోతే ఇంకోసారి కడిగి కొత్త కూలెంట్ పోసేయండి.