పులస ఏరెక్కే రోజుల్లో వల ఆపాలా, వద్దా?

గోదారి గట్టు: సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమనే కదా ఆపుతున్నారు. పులస లెక్క వేరు. జులైలో ఎర్రనీరు (వరద నీరు) దిగాక సముద్రంలోని ఇలస గోదారికి ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికే, అలా ఏరెక్కిన ఇలసనే పులస అంటాం. అంటే నిషేధం ముగిశాక దాని అసలు పని మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఏరు సముద్రంలో కలిసే అంతర్వేది మొగ నుంచి ధవళేశ్వరం దాకా వల మీద వల వేస్తాం. అందులోనూ గుడ్లున్నదానికే వేలంలో ఎక్కువ పాట! వరదల సీజన్లో ఓ ఇరవై రోజులు ఏటిలో కూడా వేట ఆపాలని నా వాదన. మీరేమంటారు?

లంక కుర్రోడు: ఆయ్, చెప్పడానికి బాగానే ఉందండి. మాకు ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడేది ఆ రెండు నెలలే. రాత్రంతా వరదలో నాటు పడవ మీద కూర్చుంటే ఒక్కోసారి ఒక్క చేపా పడదు. పడిన రోజు అప్పు తీరుతుంది. సముద్రం మీదకెళ్లేవాళ్లకి నిషేధ కాలానికి సాయం ఇస్తున్నారు, 2025లో అది 20 వేలు చేశారు. ఏటిలో వల వేసేవాడికి ఎవరిస్తారు? పుస్తెలమ్మి అయినా పులస తినాలనేవాళ్లు మానరు, మేం మాత్రం మానాలా?

కాకినాడ బోటు: అందరూ మా ట్రాలర్లని తిడతారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తా. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నాటు పడవలకి వదిలేయాలని రూలు. అది మీరి లోపలికొచ్చే బోట్లు ఉన్నాయి, కాదనను. కానీ పులసకి అడ్డుగోడ కట్టింది మేమా? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది, ఇప్పుడు అక్కడ బ్యారేజీ ఉంది. గేట్లెత్తని రోజున చేప పైకెలా పోతుంది? గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాద్ దాకా వెళ్లే ఇలస దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు చేపల్ని పట్టుకెళ్లి ఫరక్కాకి ఎగువన వదులుతున్నారు. ముందు మన దగ్గర అలాంటిదేదైనా చేయమనండి.

గోదారి గట్టు: బోటు గారూ, ఆనకట్ట మాట నిజమే. అందుకే ఇంకా జాగ్రత్త కావాలంటున్నా. పైకి పోయే దారి మూసుకుపోయాక మిగిలింది ధవళేశ్వరం దిగువ ముక్కే. గుడ్లు పెట్టాల్సిందీ అక్కడే, మనం వలలు కట్టేదీ అక్కడే. కొండలెక్కి దాక్కోడానికి దానికి ఇంకో ఏరు లేదు.

యానాం అక్క: మా అత్తగారు గంపలో చేపలమ్మేవారు, ఇప్పుడు నేనూ అదే పని. మీరంతా పెద్ద పులస గురించే మాట్లాడుతున్నారు. పిల్లల సంగతెవరూ ఎత్తరే? గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఏటివెంట మొగలకి దిగుతాయి కదా. అక్కడ దోమతెరలాంటి సన్నకన్ను వలలో జానెడైనా లేనివి రాశులుగా పడతాయి. కవళ్లనే చిన్న చేపలతో కలిపి చవగ్గా అమ్మేస్తారు. పై పెదవి సరిగ్గా నడిమధ్య చిన్న నొక్కు ఉందేమో చూడండి, ఉంటే అది ఇలస పిల్ల. మా రేవులో పాటకి వచ్చే కుప్పలో నేను వేలితో తడిమి ఏరేస్తాను. ఏం లాభం, అప్పటికే చచ్చి ఉంటాయి. పెద్ద చేపని ఇరవై రోజులు ఆపి చలికాలంలో దాని పిల్లల్ని దోమతెరతో ఊడ్చేస్తే ఏమొస్తుంది?

లంక కుర్రోడు: అక్క చెప్పింది పాయింటే. సన్నకన్ను వలలు మా ఊళ్లో కూడా ఆపాలి, దానికి నేను రెడీ. రొయ్యపిల్లల కోసం పాయల్లో అవే వలలు లాగిన రోజుల్లో పక్కన పారబోసినదంతా చేపపిల్లలే అని పెద్దాళ్లంటారు.

గోదారి గట్టు: ఒప్పుకుంటున్నా, అదీ కలపాలి. బంగ్లాదేశ్‌లో రెండూ చేస్తారు. అక్టోబరులో తల్లి ఇలసకి 22 రోజుల నిషేధం, ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ లెక్కగడతారు. పిల్లలకి నవంబరు నుంచి జూన్ దాకా వేరే నిషేధం. ఆపినన్నాళ్లూ జాలర్లకి బియ్యం ఇస్తారు. ఆ బియ్యం చాలదని అక్కడా గొడవే, అయినా ఇస్తున్నారు. మనకి ఆ తేదీలు కాదు, మన వరదని బట్టి మన సముద్రపు పోటుపాట్లు చూసి పెట్టుకోవాలి. అది వలవేసేవాళ్లని అడక్కుండా ఆఫీసులో కూర్చుని తేలదు.

కాకినాడ బోటు: ఒక చిక్కుంది. యానాం పుదుచ్చేరిది. ఆంధ్రా ఏటిలో నిషేధం పెడితే అదే గౌతమి పాయలో యానాం రేవు తెరిచే ఉంటుంది. చేపకి బోర్డర్ తెలీదు, వేలంపాటకి బాగా తెలుసు.

యానాం అక్క: మా రేవుని అనకండి! రెండు ప్రభుత్వాలూ ఒకే తేదీలు పెడితే మేమూ ఆపుతాం. సముద్రం నిషేధం మాకూ అవే తేదీలు కదా, అప్పుడెలా కుదిరిందో ఇదీ అలాగే. ఇంకో మాట, ఒడిశా నుంచి ఐసులో వచ్చే ఇలసని పులసని చెప్పి అంటగడుతున్నారు. ఏటి వేట ఆపితే వాళ్లకి ఇంకా పండగ. నిషేధం రోజుల్లో పులస పేరుతో ఎవరూ అమ్మకూడదని కూడా రాయాలి.

లంక కుర్రోడు: అక్కా, ఆ ముక్క రాస్తే నేను సంతకం పెడతా. కానీ సాయం ఎంతో, ఎవరి ఖాతాలో ఎప్పుడు పడుతుందో తేదీతో సహా రాయాలి. ఆగస్టులో వల ఆపించి సంక్రాంతికి డబ్బు వేస్తామంటే మాత్రం ఆ రాత్రే పడవ దింపుతాను.