నారింజ, నీలం కలిసేచోట బూడిద రంగు వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: చెన్నైలో ఉంటానండీ. రంగు పెన్సిళ్లతో మెరీనా సూర్యోదయం వేస్తున్నా. కింద నారింజ, పైన నీలం. కలిసేచోట బూడిదలా అయిపోతోంది. గట్టిగా రుద్దితే కాగితం మెరుస్తోంది, ఆపైన రంగు పట్టట్లేదు. బేబీ ఆయిల్ రాయొచ్చా?

జవాబు: నూనె సంగతి తర్వాత. నారింజ, నీలం ఒకదానికొకటి విరుగుడు రంగులు, అంటే రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండేవి. ఎంత మెత్తగా కలిపినా బూడిదే వస్తుంది. రెంటినీ తాకనివ్వకండి. నారింజ తర్వాత పీచ్, లేత గులాబీ, లేత ఊదా, అప్పుడు నీలం. ఒక్కో రంగు పక్కదాని మీదికి అర సెంటీమీటరు ఎక్కాలి.

మెరుపుకు కారణం ఒత్తిడి. కాగితం గరుకులో ఉన్న సన్నని గుంటలు పెన్సిల్‌లోని మైనంతో నిండిపోతే కొత్త రంగుకు పట్టు దొరకదు. మొన సన్నగా చెక్కి, పెన్సిల్‌ను వెనక పట్టుకుని, దాని బరువుతోనే చిన్న సున్నాలు చుడుతూ నాలుగైదు పూతలు వేయండి. ముందు లేత రంగులు. తెల్ల పెన్సిల్‌తో గట్టిగా రుద్ది నునుపు చేయడం చిట్టచివరి పని, అదీ రంగు కాస్త పాలిపోయినా ఫర్వాలేదనుకున్నచోటే.

ఇప్పటికే మెరిసినచోట పుట్టీ రబ్బరు (పిండిలా నలిపి వాడే మెత్తటి రబ్బరు) అద్ది పైకి లేపండి. రుద్దితే పీచు లేస్తుంది.

ఇంకో జవాబు: బేబీ ఆయిల్ రాయొచ్చు, కానీ కాగితం కనీసం 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉండాలి, కింద రెండు మూడు పూతలు పడి ఉండాలి. ఇయర్‌బడ్ ముంచి, టిష్యూ మీద ఒత్తి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు లేత రంగు నుంచి ముదురు వైపు తిప్పండి. ఎక్కువైతే నూనె మరక వెనక్కి దిగుతుంది, అది పోదు. వాసన లేని మినరల్ స్పిరిట్ (పెయింట్ పలచన చేసే ద్రావకం) అయితే ఆరిపోతుంది కాబట్టి పైన మళ్లీ పూత వేసుకోవచ్చు. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా వాడండి. ఏదైనా ముందు అదే కాగితం ముక్క మీద చూసుకోండి.

ప్రశ్న: వేళ్లతో రుద్దితే?

జవాబు: వద్దండీ. చెమట, జిడ్డు అంటుకుంటాయి, మన ఉక్కలో మరీను. చెయ్యి కింద తెల్ల కాగితం వేసుకోండి. వానాకాలంలో కాగితాలు పాలిథీన్ కవర్లో పెట్టండి, చెమ్మ పట్టిన కాగితం రెండో పూతకే నలుగుతుంది.