డిగ్రీ పిల్లలకు ఇప్పటినుంచే రీసెర్చ్ నేర్పి పీహెచ్‌డీకి పంపడం మేలా, మోసమా?

పులిచెర్ల మాస్టారు
అందరికీ నమస్కారం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లల్ని, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల్ని, రెండో ఏడాది నుంచే ఒక గైడ్ దగ్గర పెట్టి పరిశోధన చేయిస్తే కొందరైనా పీహెచ్‌డీ దాకా వెళ్తారని నా నమ్మకం. వాతావరణ పరిశోధన చేసే గాదంకి రాడార్ కేంద్రం మా పిల్లల బస్సు దారిలోనే ఉంది. యేర్పేడు దగ్గర ఐఐటీ, సైన్స్ చదువు, పరిశోధనల సంస్థ ఐసర్ ఉన్నాయి, రెండూ 2015లో మొదలయ్యాయి. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. అయినా "సైంటిస్టుతో ఒక్కసారైనా మాట్లాడినవాళ్లు చెయ్యెత్తండి" అంటే క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు.

మూడేళ్ల కిందట ముగ్గురితో మొదలుపెట్టాం. కాలేజీ మేడమీద వాన కొలిచే రెయిన్‌గేజ్ ఉంది. గరాటులో పడ్డ నీళ్లు లోపలున్న చిన్న దొన్నెలోకి దిగుతాయి. అది నిండగానే ఒరుగుతుంది, ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. ఒకమ్మాయి నెల లెక్కలతో గ్రాఫ్ గీస్తూ ఒక తేదీ దగ్గర ఆగిపోయింది. "సార్, ఆ రోజు మా నాయన నిలువునా తడిసి ఇంటికొచ్చాడు. ఇక్కడ సున్నా ఉంది" అంది. మేడెక్కి గరాటు ఊడదీస్తే లోపల సాలెగూడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఏ అంకెనూ ఊరికే నమ్మలేదు. ఇది ఏ సిలబస్‌లో నేర్పుతాం చెప్పండి?

తిరుచానూరు వాసు
ఆలోచన మంచిదే సార్. కానీ "ఇంట్లో మొదటి డిగ్రీ" అనే షరతు ఎందుకు? మా వాడికి 9.2 సీజీపీఏ. ఇలాంటి ఒక శిబిరానికే అప్లై చేస్తే తండ్రి టీచరని పక్కన పెట్టారు. నేను ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని, కలెక్టర్ని కాదు. మార్కులు చూసి తీసుకుంటే ఎవరికీ బాధ ఉండదు కదా?

నగరి మగ్గం
మోసమే అంటాను. మాది మరమగ్గాల ఇల్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో ఒక సార్ "నీలో సైంటిస్టు ఉన్నాడు" అని భుజం తట్టి పీహెచ్‌డీలో చేర్చారు. ఎనిమిదేళ్లు పట్టింది. ఫెలోషిప్ లేదు. నాలుగు మగ్గాల్లో రెండు అమ్మేశాం. ఇప్పుడు గంటల లెక్కన పాఠాలు చెబుతున్నా, వేసవిలో ఆ డబ్బూ ఉండదు. నాతో పదో తరగతి చదివినవాడు శ్రీసిటీ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, ఇల్లు కట్టుకున్నాడు. భుజం తట్టేవాళ్లకు పోయేదేమీ లేదు మాస్టారూ.

పాకాల జంక్షన్
అన్న చెప్పింది నిజం. మా బావదీ ఇదే కథ.

తిరుచానూరు వాసు
నేనడిగినదానికి జవాబు రాలేదు.

పులిచెర్ల మాస్టారు
వాసు గారూ, చెబుతాను. అమెరికాలో మెక్‌నెయిర్ స్కాలర్స్ అనే పథకం ఉంది. డిగ్రీ పిల్లలకు ఒక ప్రొఫెసర్‌ను జతచేసి పరిశోధన చేయించి డాక్టరేట్‌కు సిద్ధం చేస్తారు. చేర్చుకునేవాళ్లలో మూడింట రెండొంతుల మంది పేదింటి పిల్లలు, అదీ తల్లిదండ్రులకు డిగ్రీ లేనివాళ్లే అయి ఉండాలి. రోనాల్డ్ మెక్‌నెయిర్ 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో చనిపోయిన వ్యోమగామి. తొమ్మిదేళ్ల వయసులో లైబ్రరీకి పోతే నల్లవాళ్లకు పుస్తకాలివ్వం అన్నారు. కదలనని కూర్చుంటే పోలీసుల్ని పిలిచారు. చివరికి పుస్తకాలు తీసుకునే ఇంటికెళ్లాడు. 1976లో ఎంఐటీలో ఫిజిక్స్ డాక్టరేట్ చేశాడు.

మీ అబ్బాయికి దరఖాస్తు ఎలా రాయాలో చెప్పే తండ్రి ఉన్నాడు. మా పిల్లలకు రికమెండేషన్ లెటర్ ఎవరినడగాలో కూడా తెలియదు. తేడా అక్కడే ఉంది. మొదటి ఏడాది నేనూ మార్కులు చూసే తీసుకున్నాను. వచ్చిన ముగ్గురిలో ఇద్దరు లెక్చరర్ల పిల్లలు. అది నా తప్పు.

తిరుచానూరు వాసు
అమెరికాలో జరిగింది వేరు. ఇక్కడ రిజర్వేషన్ ఎలాగూ ఉంది. దానిమీద ఇంకో వడపోత దేనికి?

కార్వేటినగరం లత
మార్కులా, కులమా అని మీరిద్దరూ కొట్టుకోండి. నేను క్యాలెండర్ గురించి చెబుతాను. సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ రెండు నెలలు, ఎండాకాలంలో. మాకు తోతాపురి మామిడి కోత కూడా అప్పుడే. మా ఊరి డిగ్రీ పిల్లలు మే ఆఖరు నుంచి తోటల్లో కాయ కోతకో, పల్ప్ ఫ్యాక్టరీకో పోతారు. ఏడాది ఫీజు, బస్సు పాసు ఆ కూలితోనే. 2025లో కాయ ధర పడిపోయి, ఫ్యాక్టరీలు 8 రూపాయలిస్తే ప్రభుత్వం మరో 4 కలిపి కిలోకు 12 ఇస్తామంది చూశారు కదా, ఆ ఏడాది కోత కూలి కూడా సరిగా దొరకలేదు. మా చెల్లెలికి అంతకుముందు ఒక ల్యాబ్‌లో సీటొచ్చింది. స్టైపెండ్ పని అయ్యాక ఇస్తామన్నారు. రెండు నెలలు హాస్టల్‌కి, తిండికి ఎవరు పెడతారు? మానుకుంది. ఆ లెటర్ ఇంకా బీరువాలో చీరల కింద ఉంది.

డిగ్రీలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ పెట్టారు. సగం మంది ఏదో ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. ఆ ఆరు నెలల్లోనే గైడ్ దగ్గర పెట్టండి సార్. ప్రతి నెలా మొదటి వారంలో డబ్బు చేతికివ్వండి.

పాకాల జంక్షన్
అక్క మాట పాయింటు.

నగరి మగ్గం
డబ్బిచ్చి మరీ బావిలోకి దింపుతారా? మాస్టారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ ముగ్గురి ఫొటోలు మీ ప్రమోషన్ ఫైల్లో ఉన్నాయా లేదా?

పులిచెర్ల మాస్టారు
ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో పిల్లల్ని చూపించి నేనేమీ అడగలేదు. బస్సు చార్జీలు నా జేబులోంచి పెట్టాను. మీ బతుకు చెడిందని నా పిల్లల దారికి అడ్డం పడతారా? నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 ఇస్తున్నారు. మా ఊళ్లో ఏ ఉద్యోగం ఇస్తుంది అంత?

నగరి మగ్గం
జేఆర్‌ఎఫ్ వస్తే నేనూ కాదనను. ఎంతమందికి వస్తుంది? రానివాళ్ల గురించే నా గోల.

పూర్తిగా చెబుతా వినండి. ఆ భుజం తట్టిన సారే నా గైడ్. మూడో ఏడాది ఆర్నెల్లు ఆయన కూతురి పెళ్లి పనులు చేశాను. శుభలేఖలు పంచాను, టెంటు వాడితో బేరం ఆడాను, కరెంటు బిల్లు కట్టాను. నేను చేసిన పనిమీద వచ్చిన మొదటి పరిశోధన పేపర్లో నా పేరు మూడోది. ఎందుకు సార్ అంటే, "మీవాళ్లకు పీహెచ్‌డీ రావడమే ఎక్కువ" అన్నారు. ఆ మాట మా నాయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు. డిపార్ట్‌మెంట్ హెడ్డు ఆయన స్నేహితుడు. సంతకం ఆయన చేతిలో ఉంది.

మీరు మంచివాళ్లే అనుకుందాం. రేపు మీ పిల్ల వేరే ఊళ్లో, వేరే గైడ్ చేతిలో పడుతుంది. అక్కడ ఇలా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? రెండు నెలలు నేర్పి ఫొటో తీసుకుని పంపేశాక ఆ ఐదేళ్లూ ఎవరిది పూచీ?

కార్వేటినగరం లత
ఇది మొదటే చెప్పాల్సింది అన్నా.

పులిచెర్ల మాస్టారు
తమ్ముడూ, మీ బతుకు గురించి అలా అనడం నా తప్పు. క్షమించండి.

మీ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. పిల్లల్ని గేటు దాకా తీసుకెళ్లడమే నా పని అనుకున్నాను. లోపల ఏం జరుగుతుందో నాకే తెలియదు, నేను పీహెచ్‌డీ చేయలేదు. ప్రతి పిల్లకూ గైడ్ కాకుండా బయటి మనిషి ఇంకొకరు ఉండాలి. ఆ దారిలో నడిచినవాళ్లు, గైడ్‌కు భయపడనివాళ్లు. మీరు ఉంటారా?

తిరుచానూరు వాసు
సరే, ఆ పిల్లలకు బయటి మనిషి కావాలి, ఒప్పుకుంటాను. మార్కుల సంగతి మాత్రం తేలలేదు.

వానలెక్క
మాస్టారూ, ఆ అమ్మాయిని నేనే. గరాటులో ఉన్నది సాలెగూడు కాదు సార్, కందిరీగ మట్టిగూడు. నేనే పుల్లతో గీకి తీశాను.

డిగ్రీ అయ్యాక శ్రీసిటీలో చేరాను, ఇప్పుడు నైట్ షిఫ్ట్. ఆ ప్రాజెక్టులో మొదటి వారం మా గైడ్ మేడం "కాలిబ్రేషన్" అన్నప్పుడల్లా తలూపేదాన్ని. అర్థం కాలేదు. అడిగితే తీసేస్తారేమోనని టెన్షన్. పదో రోజు అడిగాను, గ్లాసుతో కొలిచి నీళ్లు పోసి చూపించారు. నాకు చాలా నచ్చిన రోజు అది.

పీహెచ్‌డీ ఎన్నేళ్లో, ఎంతిస్తారో అప్పుడెవరూ చెప్పలేదు. నగరి అన్న రాసింది చదివి భయం వేసింది. అయినా అడుగుతున్నాను. నాది మూడేళ్ల డిగ్రీ, 7.8. ఇప్పుడు ఏం రాయాలి?

నగరి మగ్గం
అమ్మా, మూడేళ్ల డిగ్రీతో నేరుగా కుదరదు. నాలుగో ఏడాది ఆనర్స్ చేసి 75 శాతం తెచ్చుకుంటే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి అర్హత ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 5 శాతం సడలింపు. లేదంటే ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి పెట్టే జామ్ పరీక్ష రాసి వెళ్లు. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు సెప్టెంబర్‌లోనే మొదలవుతాయి, చూసుకో. ఫెలోషిప్ లేకుండా మాత్రం ఎక్కడా చేరొద్దు. గైడ్‌ను ఒప్పుకునే ముందు ఆయన దగ్గర చేస్తున్నవాళ్లతో ఆయన లేనప్పుడు మాట్లాడు. పేపర్లో ఎవరి పేరు ముందు వేస్తారో అడుగు.

వారంలో నీకు షిఫ్ట్ లేని రోజు ఏదో మాస్టారితో చెప్పి పంపు. నా నంబర్ ఆయనకిస్తాను.